ఆ ముక్కు అక్షరం ఎవరి సొత్తు? (మాటకు కులముందా – 6)



పోయిన వారం ఇంటిపేర్ల గురించి రాశాను. ఈ వారం ఇనాం భూముల గురించి రాద్దామనుకున్నాను. మంగళవారం రాత్రి ఒక చెల్లె పెట్టిన మెసేజ్ నన్ను ఇటు తిప్పింది.

ఆమె హైదరాబాద్‌లో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. క్లాసు సెమినార్‌లో వాళ్ళ అమ్మమ్మ పాడే నాట్ల పాటల మీద పేపర్ చదివింది. "కారనం", "లక్షనం", "ప్రానం" అని చదివిందట. ముందు బెంచీలో ఒకడు "ణ పలకనోళ్ళు కూడా తెలుగు ఎం.ఏ.నా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు, నవ్వేవాళ్ళను ఆపనూ లేదు. చివర్లో మాత్రం "ఉచ్చారణ మీద దృష్టి పెట్టమ్మా" అన్నాడు. పాటల గురించి ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు.

చెల్లె మెసేజ్ ఇది: "అన్నా, ణ ఎట్ల పలకాలె? నేర్పే వీడియో ఏదన్న ఉంటె పంపు. వచ్చే నెల ఇంకో సెమినార్ ఉంది. అప్పటికి రాకపోతే నా పేరు తీసేయించుకుంట."

వెంటనే జవాబు టైప్ చెయ్యడం మొదలుపెట్టాను. నాలుక కొన వెనక్కి మడిచి... అని రాసి ఆగిపోయాను. ఎందుకంటే ఇరవై ఏళ్ళ కింద ఇదే పాఠం ఇంకొకరికి చెప్పాను. దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను. ముందు ఆ అక్షరం సంగతి తేల్చుకుందాం.

"న" అనేటప్పుడు నాలుక కొన పైపళ్ళ వెనక తగులుతుంది. "ణ" అనేటప్పుడు అదే కొన వెనక్కి వంగి అంగిలికి తగులుతుంది. రెండిట్లోనూ గాలి ముక్కులోంచే పోతుంది. తేడా అంతా కలిపి నాలుక కొన ఒక అంగుళం వెనక్కి పోవడమే. ఆ అంగుళం మేర మన పిల్లలను క్లాసు బయట నిలబెట్టారు.

ణ పలికితే చదువుకున్నవాడు, న అంటే మొద్దు. ఈ లెక్క మనకు ప్రకృతి నియమం లాగా నేర్పారు. ఇది నిజంగా నియమమే అయితే అన్ని చోట్లా ఒకేలాగా ఉండాలి కదా. నీళ్ళు నూట పది అడుగుల లోతు బావిలోనైనా పల్లానికే పారతాయి. మరి ఈ అక్షరం అన్ని ఊళ్ళలో ఒకే వైపు పారుతోందా? చూద్దాం. నీళ్ళనే తీసుకుందాం.

మహారాష్ట్రలో నీళ్ళను పుస్తకాల మరాఠీలో "పాణీ" అంటారు. పుణె అగ్రకులాల మాట అది. పల్లెల్లో, వాడల్లో చాలామంది "పానీ" అంటారు. "ఆణి" అనాల్సిన చోట "ఆని" అంటారు. అట్లా అన్నందుకు మరాఠీ బడుల్లో మన పిల్లలు పడ్డ అవమానాలకు లెక్క లేదు. అక్కడ "న" అంటే అశుద్ధం.

ఇప్పుడు రైలెక్కి ఢిల్లీ పోండి. అక్కడ ప్రామాణిక హిందీలో నీళ్ళు "పానీ". చుట్టుపక్కల హర్యానా పల్లె రైతు "పాణీ" అంటాడు. ఢిల్లీ కాలేజీలో ఆ "పాణీ" విని నవ్వుతారు, పల్లెటూరోడు అంటారు. అక్కడ "ణ" అంటే మోటు.

మాట ఒకటే, అర్థం ఒకటే, నోట్లో నాలుక కదలిక ఒకటే. పుణెలో ఏది పాండిత్యమో ఢిల్లీలో అది మోటుతనం. ఢిల్లీలో ఏది నాగరికమో పుణెలో అది వాడ భాష. మరి శుద్ధం ఏది? రెండు చోట్లా మారనిది ఒకటే: నవ్వేవాడు ఎవడు, నవ్వించుకునేవాడు ఎవడు అన్నది.

ఇంకొంచెం ముందుకు పోదాం. సంస్కృతంలో ఈ మాట "పానీయం". దంత్య నకారం. అంటే శుద్ధం పేరుతో సంస్కృతాన్నే కొలబద్ద చేసుకుంటే, వాడలోని మనిషి పలికే "పానీ"యే మూలానికి దగ్గర. పుణె పండితుడి "పాణీ" ప్రాకృతం నుంచి వచ్చింది. మహారాష్ట్రీ ప్రాకృతంలో నకారం ప్రతిచోటా ణకారం అవుతుందని వరరుచి "ప్రాకృత ప్రకాశం"లో సూత్రమే ఉంది. అదే పండితుడు చెవిని "కాన్" అంటాడు, బంగారాన్ని "సోనం" అంటాడు, ఆకును "పాన్" అంటాడు. సంస్కృతంలో అవి కర్ణం, సువర్ణం, పర్ణం. ఉన్న ణకారాన్ని పోగొట్టాడు, లేని చోట తెచ్చి పెట్టాడు. అందులో తప్పేం లేదు, భాషలు అట్లాగే నడుస్తాయి. కాకపోతే తన మార్పుకు వ్యాకరణం అని పేరు పెట్టుకుని, పక్కవాడి మార్పుకు అజ్ఞానం అని పేరు పెట్టాడు. అక్కడే పేచీ.

బెంగాల్ పోదాం. బెంగాలీ లిపిలో ణ ఉంది, న ఉంది. రెండిటినీ పలికేది మాత్రం నకారంలాగే. పిల్లలకు ఒకదాని పేరు "మూర్ధన్య న", ఇంకొకదాని పేరు "దంత్య న" అని నేర్పుతారు. రాయడంలో తేడా రావాలి కనుక ణత్వ విధానం అని సూత్రాలు బట్టీ పట్టిస్తారు. నోట్లో మాత్రం ఎవరికీ ణ లేదు. కులీన బ్రాహ్మడైనా, కోల్‌కతా ప్రొఫెసర్ అయినా "ప్రాన్" అనే అంటాడు. అక్కడ దాన్ని ఎవరూ అపభ్రంశం అనరు. పెద్దలందరూ కలిసి చేసిన తప్పు ఒప్పయిపోతుంది, అంతే. పక్కనే ఒడియాలో మళ్ళీ ణ నిండుగా పలుకుతారు, నీళ్ళను "పాణి" అంటారు.

మలయాళంలో "పని" అంటే జ్వరం, "పణి" అంటే పని. అక్కడ ణకారం తప్పితే అర్థమే మారిపోతుంది కనుక కూలివాడి దగ్గర నుంచి కలెక్టర్ దాకా అందరూ తేడా పలుకుతారు. అక్కడ ణ పలకడం పాండిత్యానికి గుర్తు కాదు, మామూలు మాట.

దేశం దాటి స్వీడన్‌కు పోతే, అక్కడ పిల్లవాడిని "బార్న్" అని రాస్తారు. స్టాక్‌హోమ్ వైపు మాటలో ఆ రకారం, నకారం కలిసిపోయి మన ణకారం లాంటి ధ్వని వస్తుంది. దక్షిణాన స్కోనే ప్రాంతంలో రకారం గొంతులోంచి పలుకుతారు కనుక ఆ ధ్వని రాదు. ఆస్ట్రేలియా ఆదివాసుల భాషల్లో, వార్ల్‌పిరి లాంటి వాటిలో, ణకారం నిక్షేపంలా ఉంది. ఏ వేదమూ వాళ్ళకు నేర్పలేదు. ఏ గురువూ చెవి మెలిపెట్టలేదు.

మరి సంస్కృతానికి ఈ అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది? సంస్కృతానికి దగ్గరి చుట్టం అయిన అవెస్తా భాషలో ట, డ, ణల వరస లేదు. యూరప్‌లోని పాత చుట్టాలైన గ్రీకు, లాటిన్‌లలోనూ లేదు. ఈ నేల మీద అంతకు ముందే ఉన్న ద్రావిడ భాషల సావాసంతోనే సంస్కృతంలో ఈ వరస బలపడిందని చాలామంది భాషావేత్తలు అంటారు. కాదు, లోపలి మార్పు వల్లే వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు, ఆ వాదం నడుస్తూనే ఉంది. మొదటి మాట నిజమైతే మాత్రం, మా నాలుక తిరగదని నవ్విన అక్షరం మా తాతల నాలుకల మీంచే పోయి ఉంటుంది.

ఇక మన తెలుగుకు వద్దాం.

తమిళుడు కంటిని "కణ్" అంటాడు, కన్నడిగుడు "కణ్ణు" అంటాడు. మనం కన్ను అంటాం. మట్టి వాళ్ళకు "మణ్", "మణ్ణు". మనకు మన్ను. కన్నడంలో "బెణ్ణె", మనకు వెన్న. సంస్కృత చూర్ణం మనకు సున్నం అయింది. వర్ణం వన్నె అయింది. మలయాళీ, తమిళుడి "పణి" మన దగ్గర "పని" అయింది. వాళ్ళ "అణ్ణన్", "అణ్ణ" మనకు అన్న.

అంటే ఏమిటి? ణకారాన్ని నకారం చెయ్యడం తెలుగువాడి పాత అలవాటు. తెలుగు తెలుగు అయిందే ఇట్లాంటి మార్పులతో. ఈ రోజు "బానం" అన్నందుకు నవ్వేవాడు పొద్దున లేస్తే కన్ను, మన్ను, వెన్న, సున్నం, పని, అన్న అంటూనే ఉంటాడు. అవన్నీ ఎప్పుడో ఎవరో ణను న చేసిన మాటలే. ఆ పని ఊరంతా కలిసి చేస్తే అచ్చ తెలుగు. అదే పని వాడ చేస్తే ఉచ్చారణ దోషం.

మా అమ్మ "పానం బాగలేదు" అనేది. అశోకుడి మొదటి శిలాశాసనం గుర్తు చేసుకోండి. రాజు వంటశాలలో రోజూ లక్షల జీవాలను చంపడం గురించి చెప్పే శాసనం అది. గుజరాత్‌లోని గిర్నార్‌లో జీవం అనే మాట ణకారంతో చెక్కి ఉంది. మన శ్రీకాకుళానికి పొరుగునే ఉన్న గంజాం జిల్లా జౌగడలో, ఉత్తరాన కాల్సీలో అదే మాట "పాన" అని ఉంది. తూర్పు మాగధి మాటలో ణకారం లేదు, అంతా నకారమే. దేశాన్ని ఏలిన పాటలీపుత్రం మాట అది. మా అమ్మ నోట్లో తప్పయిన మాట రెండువేల రెండువందల ఏళ్ళ కింద చక్రవర్తి ఆజ్ఞగా రాతి మీద ఉంది. బుద్ధుడి బాటలో చివరి మజిలీని కూడా పాళీలో "నిబ్బాన" అనే అన్నారు. పాళీలో ణకారం లేదని కాదు, ఉంది. ఆ మాటకు మాత్రం నకారమే చాలింది.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డం వస్తాడని తెలుసు. "అన్నా, అర్థం మారిపోతుంది కదా. రాణి వేరు, రాని వేరు. వాణి వేరు, వాని వేరు" అంటాడు. నిజమే, వేరే. కానీ "రాని వచ్చింది" అని ఎవరైనా అంటే, రానిది ఎట్లా వచ్చిందబ్బా అని ఇప్పటిదాకా ఎవరైనా జుట్టు పీక్కున్నారా? వినేవాడికి వినాలని ఉంటే అర్థమవుతుంది. మన మాట అర్థం కాకపోవడం వేరు, మన మాట వినదలుచుకోకపోవడం వేరు.

ఇంకో సంగతి చూడండి. ఇప్పుడు పెద్ద పెద్ద ఇంగ్లీషు మీడియం బడుల్లో చదివే పిల్లలకు ణ రాదు, ళ రాదు. "కల్యాన్", "అరునా" అంటారు. టీవీలో యాంకర్లు అంటారు. డల్లాస్‌లో పుట్టిన తెలుగు పిల్ల "నారాయనా" అని పాడితే హాల్లో అందరూ చప్పట్లు కొడతారు. "పాపం, అక్కడ పెరిగింది కదా, అయినా ఎంత ముద్దుగా పాడిందో" అంటారు. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు, ముద్దుగానే పాడింది. నా ప్రశ్న చప్పట్లు కొట్టినవాళ్ళకు. అదే నకారం మా చెల్లె నోట్లోంచి వస్తే ముద్దు ఎందుకు కాలేదు? డల్లాస్ పిల్ల నకారం వెనక మీకు డాలర్ వినపడింది. మా చెల్లె నకారం వెనక వాడ వినపడింది. మీరు విన్నది అక్షరాన్ని కాదు.

ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారికి దండలు వేస్తాం. వేయాలి. గ్రాంథికం గోడ కూలగొట్టిన మనిషి. సవర ఆదివాసుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం పుస్తకాలు రాసిన మనిషి. అయితే ఆ ఉద్యమం గెలిచి నిలబెట్టింది శిష్ట వ్యావహారికాన్ని. చదువుకున్న పెద్దల మాటను. గోడ కూలింది నిజమే, కానీ ఆ ఇటుకలతోనే కొంచెం ఇవతల ఇంకో గోడ లేచింది. ఆ కొత్త గోడకు తలుపు దగ్గర కాపలా పెట్టిన అక్షరాల్లో ఈ ణ ఒకటి. దాని పక్కనే శ, ళ, ఒత్తులు నిలబడి ఉన్నాయి.

"అయితే నేర్చుకుంటే సరిపోతుంది కదా, గొడవెందుకు" అనే మాట కూడా వింటాను. నేర్చుకుంటే సరిపోతుందా? జాషువా కంటే బాగా నేర్చుకున్నవాడు ఎవరు? ఛందస్సులో ఒక్క గణం తప్పనివాడు. పద్యం విన్నంతసేపు తల ఊపి, కులం తెలిశాక ముఖం తిప్పుకున్నవాళ్ళ గురించి ఆయనే "నా కథ"లో చెప్పుకున్నాడు. బాబాసాహెబ్ బడిలో సంస్కృతం నేర్చుకుంటానంటే అంటరానివాడివని కుదరదన్నారు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. అంటే నేర్చుకోనివ్వనిదీ వాళ్ళే, రాలేదని నవ్వేదీ వాళ్ళే. పెద్దయ్యాక తన కష్టంతో సంస్కృతం నేర్చుకుని వాళ్ళ గ్రంథాలను వాళ్ళ ముందే విప్పి చూపించాడు. అయినా కులం ఆయనను వదిలిపెట్టిందా?

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు దగ్గరికి ఆయన వేల మందితో నడిచి పోయి దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగాడు. ఆ గట్టు మీద నిలబడ్డవాళ్ళలో ఎంతమంది పాణీ అన్నారో, ఎంతమంది పానీ అన్నారో ఎవరూ లెక్క రాయలేదు. తర్వాత పంచగవ్యంతో చెరువును శుద్ధి చేసుకున్నవాళ్ళు కూడా ఉచ్చారణ అడిగి చెయ్యలేదు. ఆ నీళ్ళ మీద మన హక్కు కోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది. ణ పలికినా పలకకపోయినా చెరువు దగ్గర అందరూ ఒకటే. అందుకే ఉచ్చారణ అనేది సాకు అంటున్నాను.

ఇప్పుడు పైన ఆపిన సంగతి.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు మా వాడకు నల్లా లేదు. ఊరి నల్లా దగ్గర మా వాళ్ళు చివర నిలబడాలి. ఒకసారి మండల ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడని తెలిసింది. వాడ తరఫున మా అమ్మ మాట్లాడాలని అందరూ అన్నారు. ఆమెకు భయం లేదు. బావి దగ్గరైనా, దొర వాకిట్లోనైనా అడిగేది అడిగేది.

ముందు రోజు రాత్రి ఏం మాట్లాడతావే అని అడిగాను. "నీళ్ళు లేక పానాలు పోతున్నయ్ సారూ అంట" అంది. నేను పట్నం బడిలో దెబ్బలు తిని ణ నేర్చుకున్నవాణ్ణి. "పానాలు కాదమ్మా, ప్రాణాలు. ప్రా... ణా... లు" అన్నాను. ఆమె "ప్రానాలు" అంది. కాదన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ కాదన్నాను. "కారనం" అంటే "కారణం" అన్నాను. అట్లా గంటసేపు దిద్దాను. ప్రేమతోనే దిద్దాను. వాళ్ళు నవ్వకూడదని దిద్దాను.

పొద్దున అధికారి వచ్చాడు. అమ్మను ముందుకు పిలిచారు. ఆమె నోరు తెరిచి, నా వైపు చూసి, మళ్ళీ మూసుకుంది. "నువ్వే మాట్లాడు బిడ్డా, నాకు సక్కగ రాదు" అంది.

నేను మాట్లాడాను. ణ ఎక్కడా తప్పలేదు. అధికారి "బాగా మాట్లాడావు, ఏం చదువుతున్నావు" అని అడిగి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నల్లా మాత్రం ఆ ఏడు రాలేదు. ఆమె మాట్లాడితే వచ్చేదని చెప్పలేను. కానీ అంతకు ముందు దొరలు కూడా ముయ్యించలేని నోటిని ఆ రాత్రి నేను ముయ్యించాను. ఆ తర్వాత నలుగురిలో మాట్లాడమంటే ఆమె ఎప్పుడూ నా వైపే చూసేది. ఇప్పుడు ఆమె లేదు. అందుకే చెల్లెకు జవాబు రాస్తూ ఆగిపోయాను.

మన సభల్లోనూ ఇదే జరుగుతోంది. "రిజర్వేషన్లు" అనడం రాని పెద్దమనిషి చేతిలోంచి మైకు తీసుకుని చదువుకున్న తమ్ముడికి ఇస్తున్నాం. కరపత్రంలో "పోరాటం" గురించి రాసి, వేదిక మీద మనవాళ్ళ నాలుకలను మనమే దిద్దుతున్నాం. ముందు బెంచీవాడు బయట ఒక్కడే కాదు, మనలోనూ ఒకడు కూర్చుని ఉన్నాడు.

చెల్లే, నీకు జవాబు ఇదిగో.

ణ ఎట్లా పలకాలో అడిగావు కనుక చెప్తాను. "పండు" అను. "గుండె" అను. డ ముందు నీ నాలుక వెనక్కి మడుస్తోంది చూశావా, అక్కడే ఆపు. అదే ణ. అది నీకు పుట్టుకతోనే వచ్చు. "గుండె" అనేవాళ్ళందరికీ వచ్చు. వీడియో అక్కర్లేదు. కావాలంటే వాడు, వద్దంటే మానెయ్. అది పనిముట్టు, పారలాంటిది. ఉద్యోగం ఇంటర్వ్యూలో అవసరమైతే చేతిలోకి తీసుకో, అందులో సిగ్గేం లేదు. కానీ అది లేదని నీ పని ఆపకు.

సెమినార్‌లో మాత్రం నీ పేరు తీసేయించుకోకు. అమ్మమ్మ పాటల్లో "పానం" అని ఉంటే "పానం" అనే చదువు, దిద్దకు. దిద్దితే ఆ పాట అమ్మమ్మది కాదు. ఎవడైనా నవ్వితే ఆగి, కన్ను ఎట్లా వచ్చిందో, సున్నం ఎట్లా వచ్చిందో, పుణెలో పానీ ఏమిటో, ఢిల్లీలో పాణీ ఏమిటో వాణ్ణే అడుగు. జవాబు చెప్పేదాకా నిలబడు. తర్వాత అమ్మమ్మ పాటలోకి వెళ్ళు. ప్రశ్నలు పాట మీద అడగమను.

సార్ లాంటి మిత్రులకు ఒక్క మాట. మీరు నవ్వలేదు, సంతోషం. కానీ నవ్వు ఆగాక మీరు మాట్లాడిన మొదటి మాట ఏ పక్షాన ఉందో ఒకసారి ఆలోచించండి. మార్కులు వేసేటప్పుడు ఆమె సేకరించిన పాటలు ఎన్నో లెక్కపెట్టండి, అక్షరాలు కాదు.

సెమినార్ రోజు హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లలు నలుగురు ముందే వెళ్ళి ముందు బెంచీలో కూర్చోండి. తేదీ తెలిశాక చెప్తాను. నేనూ వస్తాను. వినడానికి.

ఇనాం భూముల గురించి వచ్చే వారం.

జై భీమ్.